బీపీ చూసేటప్పుడు వినపడే ఆ టక్ టక్ వెనక ఒక యుద్ధం ఉంది

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మా ఆఫీసులో ఒక హెల్త్ క్యాంప్ పెట్టారు. నర్సు గారు నా జబ్బకు పట్టీ చుట్టి, మోచేతి మడతలో స్టెతస్కోప్ పెట్టారు. "మేడమ్, గుండె ఇక్కడుంటే మీరు అక్కడ ఏం వింటున్నారు?" అని అడిగా. "మాట్లాడకు బాబూ, రీడింగ్ తప్పొస్తుంది" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ఎపిసోడ్.

ఆవిడ విన్నది బ్రేకియల్ ఆర్టరీని. జబ్బ లోపలి వైపు నుంచి మోచెయ్యి దాకా వచ్చి, అక్కడ రెండు పాయలుగా చీలే ధమని అది.

ఒకప్పుడు బీపీ కొలవాలంటే రక్తనాళంలో గొట్టం గుచ్చాల్సిందే. ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ గుర్రం మీద అలాగే చేసి, ఆ వివరాలు 1733లో అచ్చు వేశారు. రక్తం గొట్టంలో ఎనిమిది అడుగులు దాటి ఎక్కిందట! మనుషులకు అలా చేయలేం కదా.

1896లో ఇటలీలోని టురిన్‌లో రివా-రొచ్చి అనే డాక్టర్ జబ్బకు గాలి పట్టీ చుట్టి, ఆ ధమనిని బయటి నుంచే నొక్కారు. మణికట్టు దగ్గర నాడి ఎప్పుడు ఆగుతుందో వేలితో చూసి, పాదరసం ఎత్తు రాసుకున్నారు. కానీ దాంతో దొరికేది పై నంబర్ ఒక్కటే. 120/80లో ఆ 80ని వేలితో పట్టుకోవడం కష్టం.

ఇక్కడే మన కథలోకి యుద్ధం వచ్చింది. 1904-05లో రష్యా, జపాన్ మంచూరియాలో కొట్టుకుంటున్నాయి. నికొలాయ్ కొరొత్కోవ్ అనే రష్యన్ యువ సర్జన్ అక్కడ గాయపడిన సైనికులకు వైద్యం చేస్తున్నారు. ధమని దెబ్బతిని ఉబ్బితే అప్పట్లో దాన్ని కట్టేసేవాళ్ళు. కానీ పెద్ద దారి మూసేశాక, పక్కనున్న చిన్న నాళాలు సరిపడా రక్తం అందిస్తాయా? అందించకపోతే చెయ్యో కాలో కుళ్ళిపోతుంది, తీసేయాల్సిందే. ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే తెలుసుకోవాలని ఆయన ధమనుల మీద స్టెతస్కోప్ పెట్టి వినడం మొదలుపెట్టారు.

అలా వింటూ వింటూ ఒకటి గమనించారు. పూర్తిగా నొక్కేసిన ధమనిలో ఏ శబ్దమూ ఉండదు. పట్టీ కొంచెం వదిలితే రక్తం దూరి టక్ టక్ మొదలవుతుంది, అది పై నంబర్. ఇంకా వదిలితే ధమని పూర్తిగా తెరుచుకుని శబ్దం ఆగిపోతుంది, అది కింది నంబర్. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన దీన్ని ఒక పేజీ కూడా నిండని రిపోర్టులో చెప్పేశారు. 1920లో ఆయన చనిపోయారు. ఆ శబ్దాలను డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కథ అక్కడితో ఆగలేదు. 1992లో లండన్ పరిశోధకులు పట్టీ బిగించి కొన్ని నిమిషాల తర్వాత వదిలి, ధమని ఎంత వెడల్పవుతుందో అల్ట్రాసౌండ్‌లో చూశారు. ఆరోగ్యంగా ఉన్న ధమని బాగా విచ్చుకుంటుంది. సిగరెట్ తాగేవాళ్ళలో, ఏ జబ్బూ బయటపడకముందే, అది సరిగ్గా విచ్చుకోలేదు. అంటే, మనకు బానే ఉందనిపించినా ధమనికి అప్పటికే తెలిసిపోతోందన్నమాట.

బీపీ కూడా అంతే, ఎక్కువున్నా చాలామందికి ఏమీ తెలియదు. అందుకే ఈసారి పట్టీ కట్టినప్పుడు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నాలాగా ప్రశ్నలు వేయకుండా ఉండండి. ఒక సైనికుడి చెయ్యి పోకుండా చూడాలని మొదలైన వినికిడి అది. మీ వంతు వచ్చినప్పుడు విననివ్వండి. ఉంటా మరి, బై!