ఈ.కోలి ఓ157: ఆవుకు తగలని విషం

ఈ.కోలి ఓ157:హెచ్7 పశువుల పేగుల్లో బతికే బ్యాక్టీరియా. అది తయారుచేసే షిగా టాక్సిన్ మనిషికి రక్త విరేచనాలు తెప్పిస్తుంది, కొందరిలో మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఆవుకు మాత్రం సాధారణంగా ఏమీ కాదు. ఈ విషం అతుక్కునే గ్రాహకాలు మనిషి రక్తనాళాల్లో ఉన్నాయి, పశువుల రక్తనాళాల్లో లేవు. కాబట్టి నిగనిగలాడే పశువు పేడలోనూ ఇది ఉండొచ్చు.

విషానికి ఆ పేరు జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగా వల్ల వచ్చింది. 1897లో ఆయన పరిశోధించింది జిగట విరేచనాల బ్యాక్టీరియాను. పశువులతో దానికి పనిలేదు. అలాంటి విషాన్నే ఈ.కోలి కూడా తయారుచేస్తుందని తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. 1982లో అమెరికాలోని ఓరెగన్, మిషిగన్ రాష్ట్రాల్లో హ్యాంబర్గర్లు తిన్నవాళ్లు రక్త విరేచనాలతో మంచం పట్టినప్పుడు ఓ157 బయటపడింది. మరుసటి ఏడాది టొరంటోలో మొహమ్మద్ కర్మాలీ బృందం, పిల్లల్లో హఠాత్తుగా మూత్రపిండాలు చెడిపోయే జబ్బుకు ఈ రకం ఈ.కోలియే కారణమని చూపింది.

మాంసం ముక్కపై ఉన్న క్రిమి పైపైన కాల్చినా చస్తుంది. కీమా కొట్టాక అది లోపలికంటా కలిసిపోతుంది. 1993లో అమెరికాలోని జాక్ ఇన్ ది బాక్స్ హోటళ్లలో సరిగా ఉడకని కీమా బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే, 1994లో, కీమాలో ఓ157 ఉంటే అది కల్తీ సరుకేనని అమెరికా ప్రభుత్వం తేల్చింది. పిల్లలు పోతే గానీ ప్రభుత్వం కదల్లేదు.

మాంసం ముట్టనివాళ్లకూ భయం తప్పలేదు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో కుండపోత వాన కురిసింది. దగ్గరి పొలంలో చల్లిన పశువుల ఎరువు నుంచి క్రిములు ఊరి మంచినీటి బావిలోకి దిగాయి. క్లోరిన్ చాల్లేదు, సిబ్బంది మాత్రం రికార్డుల్లో దొంగ లెక్కలు రాసుకుంటూ వచ్చారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. విచారణ సంఘం ఆ రైతును తప్పుపట్టలేదు. ఆయన పద్ధతి ప్రకారమే ఎరువు వేశాడు.

ఈ జబ్బుకు ప్రత్యేక మందు లేదు. కొన్ని యాంటీబయాటిక్స్ వాడితే విషం ఇంకా ఎక్కువగా విడుదల కావచ్చు, కాబట్టి రక్త విరేచనాలకు సొంతంగా మాత్రలు మింగకూడదు. పాలు పొంగేదాకా కాచే మన అలవాటు ఈ క్రిమికి సరైన విరుగుడు. పచ్చిపాలు తాగకండి; కొట్టంలో పేడ ఎత్తిన చేతులను సబ్బుతో కడుక్కున్నాకే పిల్లలకు అన్నం కలపండి.