ఉత్తరం విప్పే అధికారం

ఇవాళ మన సంభాషణల్లో అధిక భాగం వాట్సాప్ వంటి సాధనాల ద్వారా సాగుతున్నది. ఆ మాటల గోప్యతను కేవలం సాంకేతిక సమస్యగా చూడటం పరిపాటి అయింది. కాని చరిత్రను పరిశీలిస్తే ఇది ప్రధానంగా అధికార సమస్య. పౌరుని ఉత్తరం విప్పమని ఆజ్ఞాపించేదెవరు? ఆ ఆజ్ఞను తనిఖీ చేసేదెవరు?

1857 తిరుగుబాటు అణచివేతలో తంతి విలువ బ్రిటిషు పాలకులకు తెలిసివచ్చింది. 1885 నాటి తంతి చట్టం 5వ సెక్షన్ 'ప్రజా అత్యవసర పరిస్థితి', 'ప్రజా భద్రత' అనే రెండు మాటల చాటున తంతివార్తలను పట్టి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. 1898 తపాలా చట్టం 26వ సెక్షన్ ఉత్తరాలకూ ఆ సూత్రాన్నే వర్తింపజేసింది. ఆ మాటలకు నిర్వచనం లేదు. న్యాయస్థానం అనుమతి అక్కరలేదు.

స్వాతంత్ర్యం వచ్చినా ఆ చట్టాలు పోలేదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా అంగీకరించలేదు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని ఆనాడు భిన్నాభిప్రాయం రాసినవారు మన రాజమండ్రికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు.

1986లో పార్లమెంటు తపాలా చట్ట సవరణ బిల్లును ఆమోదించింది. ఉత్తరాలు విప్పే అధికారాన్ని అది మరింత విస్తృతం చేసింది. రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. బిల్లు అక్కడే ఆగింది. కాని పౌరుని హక్కు ఒక వ్యక్తి మౌనం మీద ఆధారపడటం ప్రజాస్వామ్యానికి గౌరవం కాదు.

రాజకీయ నాయకుల ఫోన్లను చాటుగా విన్న వ్యవహారంపై 1996లో పి.యు.సి.ఎల్. కేసులో తీర్పు వచ్చింది. ఫోను సంభాషణ గోప్యత జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆజ్ఞ ఇచ్చే అధికారం హోంశాఖ కార్యదర్శికి, సమీక్షించే అధికారం అధికారుల సంఘానికి వదిలింది. చూసేవాడూ, తనిఖీ చేసేవాడూ ఒకే ఇంటివారైనారు.

ఇంటర్నెట్ వచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. ఐ.టి. చట్టానికి 2008లో చేసిన సవరణతో, 69వ సెక్షన్ కింద సందేశాలను పట్టి చూడడానికి 1885 నాటి ఆ 'అత్యవసర పరిస్థితి' షరతు కూడా అవసరం లేకపోయింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. సుబ్బారావు అభిప్రాయం యాభై ఐదేళ్ల తర్వాత నెగ్గింది. అయినా 2021 నియమాలు సందేశాన్ని మొదట పంపినవారెవరో చెప్పాలని పెద్ద సంస్థలను ఆదేశించాయి. దీనిపై వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2023లో వలసకాలపు చట్టాలను తొలగించి టెలికమ్యూనికేషన్ల చట్టం, కొత్త తపాలా చట్టం తెచ్చారు. రెండింటా పాత అధికారమే నిలిచింది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకొనే వీలు కల్పించింది.

నేర పరిశోధనకు కొన్ని సందర్భాల్లో నిఘా అవసరమే, దాన్ని కాదనలేం. ఆ అనుమతి న్యాయమూర్తి ఇవ్వాలి. పని ముగిశాక సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి. నేడు మన చట్టంలో ఈ రెండూ లేవు. ఎవరో చదువుతున్నారన్న అనుమానంతో రాసే మనిషి తన మాటను తానే కత్తిరించుకుంటాడు. సెన్సారు ఉత్తర్వు అక్కరలేకుండానే సెన్సారు అమలవుతుంది. అందుకే ఈ చట్టాల చరిత్ర న్యాయవాదులకెంత ముఖ్యమో రచయితలకూ అంత ముఖ్యం.