క్షిపణి అంతరం: లేని ఆయుధాల రాజకీయం (1957–1961)

ప్రచ్ఛన్న యుద్ధకాలంలో ఒక దేశం వద్ద ఎన్ని ఆయుధాలు ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని ఉన్నాయని ప్రత్యర్థి నమ్మిందన్నదీ అంతే ముఖ్యం. ఖండాంతర క్షిపణుల్లో సోవియట్ యూనియన్ అమెరికాను మించిపోయిందన్న నమ్మకానికి 'క్షిపణి అంతరం' అని పేరు వచ్చింది. ఈ నమ్మకం ఎలా పుట్టింది, ఎలా తొలగింది, ఏ ఫలితాలకు దారితీసింది అనే అంశాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. నమ్మకం పుట్టిన తీరు

1957 ఆగస్టులో సోవియట్ యూనియన్ ఆర్-7 ఖండాంతర క్షిపణిని విజయవంతంగా పరీక్షించింది. అక్టోబరు 4న అదే తరహా రాకెట్ 83.6 కిలోల స్పుత్నిక్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఉపగ్రహాన్ని మోయగల రాకెట్ అణ్వాయుధాన్నీ మోయగలదని అమెరికన్లు గ్రహించారు. సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్ ఈ భయాన్ని దౌత్యసాధనంగా మలచుకున్నాడు. ఒక్క కర్మాగారమే ఏడాదికి 250 క్షిపణులు తయారు చేస్తున్నదని 1959లో ప్రకటించాడు. ఈ ధీమాతోనే 1958లో బెర్లిన్ విషయంలో పాశ్చాత్య దేశాలకు గడువు విధించాడు. 1960లో సైన్యాన్ని 12 లక్షల మేర తగ్గిస్తామన్నాడు.

వాస్తవం వేరు. ఆర్-7 ద్రవ ఆక్సిజన్‌తో పనిచేసే భారీ క్షిపణి. ఇంధనం నింపి సిద్ధంగా ఉంచడం సాధ్యం కాదు. ప్రయోగానికి గంటల తరబడి ఏర్పాట్లు కావాలి. దాని ప్రయోగ వేదికలు వేళ్లమీద లెక్కించదగినన్నే.

2. అమెరికా ఎందుకు నమ్మింది?

క్రుశ్చేవ్ మాటకారితనం ఒక్కటే దీనికి కారణం కాదు. సోవియట్ సమాజంలోని గోప్యత వల్ల ఆ మాటలను సరిచూసే మార్గం తక్కువ. నిధులు, కొత్త ఆయుధాలు కోరుతున్న అమెరికా వైమానిక దళం అంచనాలను పెంచి చెప్పింది. 1960 అధ్యక్ష ఎన్నికల్లో జాన్ కెనడీ దీన్ని ప్రచారాస్త్రం చేసుకున్నాడు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు యూ-2 నిఘా విమానాల ఛాయాచిత్రాలు అందుతుండేవి. వాటిలో భారీ మోహరింపు ఆనవాళ్లు లేవు. కానీ అవి సోవియట్ భూభాగాన్నంతా చూపలేదు. పైగా ఆ విమానాల సంగతే రహస్యం. అందుచేత ఆయన తన వాదనకు ఆధారం చూపలేకపోయాడు. 1960 మే 1న పెషావర్ నుంచి బయలుదేరిన యూ-2ను సోవియట్ దళాలు కూల్చివేయడంతో ఆ మార్గమూ మూసుకుపోయింది.

3. భ్రమ తొలగడం, పర్యవసానాలు

1960 ఆగస్టులో కరోనా నిఘా ఉపగ్రహం మొదటిసారి ఛాయాచిత్రాలను భూమికి చేర్చింది. 1961 సెప్టెంబరు నాటి అమెరికా గూఢచార అంచనా సోవియట్ ఖండాంతర క్షిపణి ప్రయోగ వేదికల సంఖ్యను 10–25కు కుదించింది. అక్టోబరు 21న రక్షణశాఖ ఉపమంత్రి రాస్వెల్ గిల్‌ప్యాట్రిక్ అమెరికా ఆధిక్యాన్ని బహిరంగంగా చాటాడు. అంతరం ఉన్నది నిజమే, అయితే అది అమెరికాకు అనుకూలంగా ఉన్నది.

అయినా ఆయుధపోటీ ఆగలేదు. అమెరికా మినిట్‌మన్ క్షిపణుల మోహరింపు కొనసాగి, చివరకు 1,000కి చేరింది. బలహీనత బయటపడిన క్రుశ్చేవ్ 1962లో క్యూబాకు మధ్యశ్రేణి క్షిపణులు తరలించాడు. క్యూబా విప్లవాన్ని కాపాడడంతోపాటు ఈ అసమతుల్యతను సరిదిద్దుకోవడం కూడా ఆయన ఉద్దేశమని పలువురు చరిత్రకారులు భావిస్తారు. లేని క్షిపణులతో మొదలైన ఆట ఉన్న క్షిపణులతో ప్రపంచాన్ని అణుయుద్ధపు అంచుకు చేర్చింది.

సారాంశం: శత్రువును భయపెట్టే ప్రచారం అతనిని లొంగదీయకపోగా మరింత ఆయుధసంపన్నుణ్ని చేయవచ్చు. ఆ ప్రచారం ఫలించడానికి చెప్పేవారి నేర్పుతోపాటు, వినేవారి స్వదేశీ ప్రయోజనాలూ తోడ్పడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐసెన్‌హోవర్ 'క్షిపణి అంతరం' వాదనను బహిరంగంగా ఎందుకు ఖండించలేకపోయాడు?
2. ఈ వివాదానికీ, 1962 క్యూబా సంక్షోభానికీ గల సంబంధాన్ని వివరించండి.