కుక్కపిల్ల ఆహారము - దాని పూర్వ వృత్తాంతము

కుక్కపిల్లకు తిండి పెట్టుటకు గూడ చరిత్ర యేమిటని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. రాజుల వంశావళులును, యుద్ధములును, శాసనములును విన నలవాటుపడిన చెవులకు ఇది చిన్న సంగతిగా తోచుట సహజమే. నాకును ఒకప్పుడట్లే తోచెను. ఒక చిన్న ప్రాణి నా చేతిలో చనిపోయిన పిమ్మటగాని నేనీ విషయమును విచారింప మొదలుపెట్టలేదు.

విశాఖపట్టణపు ఓడరేవు 1933వ సంవత్సరమున తెఱవబడెను. చేపల వేటకు పోవు మరబోట్ల కొఱకు వేఱుగా నొక రేవు 1970ల దశకమున ఏర్పడినది. జనులు దానిని ఫిషింగ్ హార్బర్ అనియే పిలుతురు. తెల్లవారుజామున అచ్చట నిలిచి చూచినచో వంజరములు, చందువలు, కానాగంతలు, రొయ్యలు బుట్టలు బుట్టలుగా దిగుచుండును. వేలముపాట వారి కేకలతో చెవులు గింగురుమనును. ఆ బుట్టల నడుమ, మనుష్యుల కాళ్లకు అడ్డుపడుచు, కుక్కలు తిరుగుచుండును. వానికి యజమానులు లేరు. ఏరి పాఱవైచిన చిన్న చేపలును, తలలును, ప్రేవులును వాని భోజనము. అయితే చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, తూర్పుతీరమున మరబోట్ల వేటకు నిషేధము. ఆ రెండు నెలలును బోట్లన్నియు వరుసగా కట్టుబడియుండును. వలలు బాగుచేసికొనువారి సద్దిమూటలలో మిగిలిన మెతుకులే అప్పుడు కుక్కలకు దిక్కు. పది నెలలు చేప, రెండు నెలలు గంజి.

అట్టి యొక నిషేధకాలమున, కొన్నేండ్ల క్రిందట, లారీ క్రింద పడి చచ్చిన తల్లి ప్రక్కను రెండు పిల్లలు మూలుగుచుండగా చూచితిని. వానికి నెల దాటియుండును. పాలపండ్లు అప్పుడే మొలచుచున్నవి. నేను జాలిపడి చిక్కని గేదెపాలు తెచ్చి కడుపునిండ త్రాగించితిని. ఆ రాత్రికే వానికి విరేచనములు పట్టుకొన్నవి. నీరసమునకు పాలే మందని తలచి మఱునాడును పోసితిని. మూడవనాటి యుదయమున ఒకటి చనిపోయెను. వల కుట్టుకొనుచున్న యొక ముసలమ్మ నా గిన్నె వంక చూచి, "ఏటి బాబూ, దూడ తాగే పాలు కుక్కకేటి?" అనెను. ఆమె పాలు మాన్పించి, మొదట కాచి చల్లార్చిన నీరు కొంచెము కొంచెముగా నాకించినది. తరువాత తన గంజిలోని మెతుకులను వ్రేళ్లతో మెత్తగా మెదిపి, తెప్పలవారు తెచ్చిన చేపను ఉడికించి, ముల్లు తీసి, అందులో కలిపి పెట్టినది. "ఒకేపాలి పెట్టకండి, నాలుగుపాలి పెట్టండి" అని చెప్పినది. రెండవది బ్రతికెను.

ఆ ముసలమ్మ మాటలో ఎంత శాస్త్రమున్నదో నాకు తరువాత తెలిసెను. ఆవుపాలలోను గేదెపాలలోను నూటికి సుమారు ఐదుపాళ్లు పాలచక్కెర యుండును. కుక్కపాలలో అది అంతకంటె తక్కువ. మాంసకృత్తులు మాత్రము ఆవుపాలలో కంటె రెండింతలకు మించియుండును. కుక్కపిల్ల యెదిగినంత త్వరగా దూడ ఎదుగదు. ఎనిమిది తొమ్మిది దినములలో కుక్కపిల్ల తన పుట్టినప్పటి బరువునకు రెట్టింపగును. పాలచక్కెర నఱిగించు శక్తి దానికి తల్లిపాలకు సరిపడునంతయే కలదు. అది మిగిలినచో ప్రేవులలో పులిసి నీటిని లాగును. అదియే విరేచనము. పాలలో నీరు కలిపి పోసినచో చక్కెర తగ్గునుగాని, అసలే చాలని మాంసకృత్తులును తగ్గును. అయితే పాలొక్కటియే ఆ పిల్లను చంపినదనరాదు. పశువైద్యుడొకడు చెప్పినట్లు, దాని కడుపులో నులిపురుగులును ఉండెను. నా జాలి వానికి తోడయ్యెను.

కుక్కపిల్లకును మనుష్యునికిని తిండి విషయమున తగవు వచ్చిన కథ మీరందఱును ఎఱుగుదురు. నన్నయభట్టారకుని ఆదిపర్వములో జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ కుమారుడైన సారమేయుడచ్చటికి వచ్చెను. రాజుగారి తమ్ములు దానిని కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైన లేదు. సరమ సభకు వచ్చి, తప్పు చేయని పిల్లను కొట్టినవారికి ఊహింపని భయము కలుగునని చెప్పి పోయెను. భారతమంత గొప్ప గ్రంథము తొలి భాగముననే ఒక కుక్కపిల్ల ఫిర్యాదు నిలుచుట నాకు వింతగా తోచును. భోజనమునకు ముందు కాకులకును కుక్కలకును నేలపై ముద్ద పెట్టవలెనని మన ధర్మశాస్త్రములు విధించినవి. పుణ్యము మాట అటుంచి, మనుష్యుని అన్నములో కుక్కకు పాలున్నదని యంగీకరించిన పత్రము వంటిది ఆ విధి.

ఆ పాలు ఎప్పటిది? ఇజ్రాయెల్ దేశపు ఉత్తరభాగమున ఐన్ మల్లాహా అనుచోట సుమారు 12,000 ఏండ్లనాటి సమాధియొకటి బయటపడినది. అందులో వయసు మీఱిన మనిషి అస్థిపంజరమును, నాలుగైదు నెలల పిల్ల యొక్క అస్థిపంజరమును కలవు. ఆ పిల్ల కుక్కజాతిదో, తోడేలుజాతిదో యని పండితులు తర్కించుదురు. మనిషి చేయి మాత్రము దాని మీద నున్నది. ఆ జనులు అడవి యవలను, గోధుమలను కోసికొని తినుచుండెడివారు. జర్మనీ దేశమున ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో దొరకిన పిల్ల అంతకంటెను పాతది, 14,000 ఏండ్లనాటిది. దాని దంతములను పరీక్షించి, ఐదు నెలల ప్రాయమున దానికి గట్టి జబ్బు చేసినదనియు, మనుష్యులు సాకనిచో అది ఏడు నెలలవఱకు బ్రతికియుండదనియు 2018లో పండితులు వ్రాసిరి. వేటకు పనికిరాని, జబ్బుపడిన పిల్లకు ఎవరో నీరు త్రాగించి, తిండి నోటికందించిరన్నమాట.

తోడేలు కడుపు మాంసమునకు తగినది. మనుష్యుడు వ్యవసాయము నేర్చి ధాన్యము నిలువచేసిన పిమ్మట, అతని గడప యొద్ద మెసలిన జంతువులకు మెతుకులును, గంజియు, రొట్టెముక్కలును దొరకినవి. అవి అఱిగించుకొనగలిగినవి బలిసినవి, లేనివి సన్నగిల్లినవి. స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయపు ఎరిక్ ఆక్సెల్సన్ మొదలైనవారు 12 తోడేళ్లను, 60 కుక్కలను పోల్చి 2013లో దీనికి సాక్ష్యము చూపిరి. పిండిపదార్థము నఱిగించు జీర్ణరసమును కలిగించు జన్యువు తోడేలులో రెండు ప్రతులే యుండగా, కుక్కలో నాలుగు మొదలు ముప్పది వఱకు కలవు. వ్యవసాయ మెఱుగని ఆస్ట్రేలియాలోని డింగో కుక్కలలో అవి రెండే. ఐరోపాలో 7,000 ఏండ్లనాటి కుక్కల యెముకలలోనే ఈ పెరుగుదల కనబడినది. మనము పొలము దున్నితిమి. ఆ దుక్కి గుర్తు కుక్క ప్రేవులలో నిలిచినది.

అయితే ఇది పెద్దకుక్క కథ. పిల్ల పుట్టినప్పుడు ఆ రసము దానిలో బహు స్వల్పము. తల్లిపాలు మానుచు, తిండి మరుగుకొలది అది హెచ్చును. వేల యేండ్లలో జాతి నడచిన దారిని పిల్ల కొన్ని వారములలో నడువవలెను. ముసలమ్మ మెతుకును మెదిపి, చేపను ముందుంచుటలోని మర్మ మిదియే.

రేవులకును కుక్కతిండికిని మఱియొక సంబంధము కలదు. 1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అను అమెరికావాడు మెఱుపుకడ్డీలు అమ్ముటకు ఇంగ్లండు వచ్చి, ఓడవారు విసరిన గట్టి బిస్కట్లను రేవులోని కుక్కలు తినుట చూచెనట. ఆ చూపు నుండి గోధుమపిండియు, కూరగాయలును, మాంసమును కలిపిన కుక్క బిస్కట్టు పుట్టెను. నేడు అంగళ్లలో సంచులుగా అమ్ము ఆహారమునకు అదియే తాత. మన రేవులోని టీకొట్ల యొద్దను కుక్కలకు బిస్కట్లు విసరుదురు. అవి చక్కెరయు మైదాయు మాత్రమే. వానితో పిల్ల కడుపు నిండునుగాని ఒళ్లు పట్టదు.

మీ యింట పిల్ల యున్నచో మూడు నాలుగు వారముల వయసున, తల్లిపాలు త్రాగుచుండగనే, మెత్తని తిండి నాకింప మొదలుపెట్టవచ్చును. ఎనిమిది వారములకు పాలు మాన్పవచ్చును. మూడు నెలలవఱకు రోజునకు నాలుగు మాఱులు, ఆఱు నెలలవఱకు మూడు మాఱులు పెట్టుడు. తిండి మార్చునప్పుడు పాతదానిలో క్రొత్తది కొంచెము కొంచెముగా కలుపుచు ఒక వారము పట్టనిండు. ఉత్త గంజితో ఎముక గట్టిపడదు. గ్రుడ్డో, చేపయో, మాంసమో తప్పదు. కవళ్లు, నెత్తళ్లు పచ్చివి పెట్టరాదు. వానిలో నొక పదార్థము బి1 విటమినును చెఱచును, ఉడికించినచో ఆ దోషము పోవును. ఉప్పుచేప వద్దు. ఉడికిన కోడియెముక చీలి ప్రేవులను గ్రుచ్చును. ఉల్లిపాయ కుక్క నెత్తురును చెఱచును. కూరలో కలిసినదైనను అంతే. నులిపురుగులు తల్లి గర్భముననే పిల్లకు సంక్రమించును గనుక రెండు వారముల వయసునుండియే మందు వేయింపవలెను. అవి మన పిల్లలకును అంటును. విరేచనములో నెత్తురు కనబడినను, వాంతులు తోడైనను అది తిండి దోషమని ఇంటివైద్యము చేయుచు కూర్చుండక పశువైద్యశాలకు పొండు. 1978లో లోకమున బయలుదేఱిన పార్వో అను వ్యాధి రెండు మూడు దినములలో పిల్లను తీసికొనిపోవును. ఆఱు వారములు దాటినది మొదలు దానికి టీకా కలదు.

బ్రతికిన ఆ పిల్ల ఆ యేడు జూన్ మధ్యను బోట్లు సముద్రముపైకి పోవునప్పటికి రెండున్నర నెలలదయ్యెను. తొలి బోటు తిరిగివచ్చిననాడు బుట్టనుండి జాఱిన కవలను పట్టుకొని పరుగెత్తగా, ముసలమ్మ దాని వెంటబడి నోటిలోనిది లాగికొని, నా వైపు చూచి, "ఉడకబెట్టి తెండి బాబూ" అనెను.