దేవగన్నేరు

దేవగన్నేరు గన్నేరు కుటుంబానికి (అపోసైనేసి) చెందిన పూలచెట్టు. దీని ప్రజాతి ప్లుమేరియా. తెలుగునాట గుడి ఆవరణల్లో, తోటల్లో విరివిగా కనిపించినా, దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. లావాటి కొమ్మల్లో నీరు నిలవ ఉండటంతో, నరికిన కొమ్మ మట్టి లేకుండానే వారాల తరబడి బతుకుతుంది. ఓడల కాలంలో ఈ చెట్టు సముద్రాలు దాటడానికి ఆ గుణం బాగా కలిసివచ్చింది.

చరిత్ర

స్పెయిన్‌వారు రాకముందే మెక్సికోలోని నహువా ప్రజలు ఈ పూలను ఆదరించారు. వారు దీన్ని కకలోషోచిత్ల్ అనేవారు. నహువా వైద్యుడు మార్టిన్ డి లా క్రూజ్ 1552లో కూర్చిన ఔషధ గ్రంథంలో దీని ప్రస్తావన ఉంది. 17వ శతాబ్ది చివర కరీబియన్ దీవుల మొక్కలను పరిశీలించిన ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లుమియే గౌరవార్థం ప్రజాతికి ప్లుమేరియా అనే పేరు పెట్టారు. 1753లో లిన్నేయస్ రూబ్రా, ఆల్బా, ఆబ్ట్యూసా అనే మూడు జాతులను నమోదు చేశాడు.

స్పెయిన్‌వారి ద్వారా ఫిలిప్పీన్స్ చేరిన దేవగన్నేరు ఆసియాలో ఆలయాల చెట్టుగా స్థిరపడింది. శ్రీలంక బౌద్ధాలయాల్లో ఈ పూలను అర్పిస్తారు. లావోస్, నికరాగువా దేశాలకు ఇది జాతీయ పుష్పం. 1860లో వైద్యుడు విల్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ దీన్ని హవాయికి తెచ్చాడని చెబుతారు. అక్కడి లేయి దండల్లో ఇప్పుడు ఇదొక ముఖ్యమైన పువ్వు.

పరాగసంపర్కం

పూల పరిమళం రాత్రిపూట హెచ్చుతుంది. దానికి ఆకర్షితమై వచ్చే పెద్ద చిమ్మటలు తేనె కోసం పువ్వు పువ్వునూ వెతుకుతాయి. పువ్వులో తేనె ఉండదు; ఆ వెతుకులాటలోనే పుప్పొడి చేతులు మారుతుంది. కాయలు అరుదు. కాసినప్పుడు జంటగా కాసి, పగిలి, రెక్కలున్న గింజలను గాలికి వదులుతాయి.

పెంపకం

గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిచెట్టు రంగులోనే పూస్తుందన్న హామీ లేదు. అందుకే కొమ్మలనే నాటుతారు. మూరెడు కొమ్మను కోసి, ఆకులు తీసి, పాలు ఆరి కోత గట్టిపడేదాకా ఒకటి రెండు వారాలు నీడన ఉంచాలి. పచ్చికోతతో నాటినా, వేళ్లు రాకముందే ఎక్కువ నీరు పోసినా కుళ్లిపోతుంది. ఇసుక కలిసిన, నీరు నిలవని నేల, నిండు ఎండ అవసరం. జాతిని ఆకును బట్టి పోల్చుకోవచ్చు. రూబ్రా ఆకు కొస మొనదేలి ఉంటుంది. చలికాలంలో ఆకు రాలుస్తుంది. ఆబ్ట్యూసా ఆకు కొస గుండ్రం. ఏడాదిలో చాలాకాలం పచ్చగా ఉంటుంది. ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకులను ఏరి పారేయాలి. చెట్టు పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి కనుక కొమ్మలు కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవడం మంచిది.