పెళ్ళి కేకులో చేతికూలి

నా దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉంది. నేను చేసిన మొట్టమొదటి పెళ్ళి కేకు ఖర్చంతా అందులో రాసుకున్నాను. మైదా, వెన్న, పంచదార, గుడ్లు, అట్ట, డబ్బా, కారు కిరాయి... అన్నీ వరసగా ఉన్నాయి. మూడు రోజులు నిలబడి ఆ కేకు చేసిన మనిషికి మాత్రం ఒక్క గడి కూడా లేదు. ఆ మనిషిని నేనే.

మాది గుంటూరు. హేయర్ అనే లూథరన్ మిషనరీ 1842లోనే వచ్చిన ఊరు. చర్చి పెళ్ళిళ్ళు, ఆ తర్వాత కేకు కోయడాలు మాకు కొత్తేం కాదు. పుట్టినరోజు కేకులు చేసి చుట్టుపక్కల వాళ్ళకి అమ్మడం అప్పటికి రెండేళ్ళుగా అలవాటే. ఒకరోజు మా వీధి చివరింటి టీచరుగారు వచ్చి, "మా పెద్దమ్మాయి పెళ్ళికి మూడంతస్తుల కేకు నువ్వే చెయ్యాలమ్మాయ్, ఎంతవుతుందో చెప్పు" అన్నారు. నాకు సంతోషంతో పాటు భయమూ వేసింది. సామాను ఖర్చు లెక్కేసి, దానిమీద కాస్త కలిపి తొమ్మిది వేలన్నాను. లోపలికొచ్చాక మా అత్తయ్య, "తెలిసినవాళ్ళ దగ్గర అంత చెప్పావుటే?" అంది. నాకూ తప్పు చేశాననే అనిపించింది.

ఆ కేకు సంగతి తర్వాత చెబుతాను. అది అయ్యాక అసలీ పెళ్ళి కేకు ఎక్కడ పుట్టింది, ఎవరు చేశారు, దానికి ధర ఎలా కట్టారు అని చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ నా పుస్తకంలో లేని ఆ గడే గుర్తొచ్చింది.

పాత రోములో పెద్దింటి పెళ్ళిళ్ళలో ఒక పద్ధతి ఉండేది. 'ఫార్' అనే గోధుమ జాతి ధాన్యంతో రొట్టె చేసి పెళ్ళి తంతులో వాడేవారు. ఆ రొట్టె పేరుతోనే ఆ పెళ్ళిని కన్ఫరేయాషియో అన్నారు. మన తలంబ్రాల్లో బియ్యం ఉన్నట్టే వాళ్ళకి ఆ రొట్టె. ఇంగ్లండులో అయితే కేకు కంటే ముందు 'పెళ్ళికూతురి పై' ఉండేది. 1660లో వంటల పుస్తకం రాసిన రాబర్ట్ మే చెప్పిన పై ఎలాంటిదంటే, ఒక పెద్ద పైలో చాలా చిన్న పైలు, వాటిలో ఒకదానిలో బతికున్న పిట్టలో, పామో! చుట్టాలు మూత తీసి కెవ్వుమంటే అదో వేడుక. మన పెళ్ళిళ్ళలో చెప్పులు దాచడమే నయం అనిపించింది నాకు.

ఇప్పుడు మనం చేసే కేకుకి అసలు పూర్వీకురాలు 1769లో కనిపిస్తుంది. ఎలిజబెత్ రాఫాల్డ్ అనే ఆవిడ ఆ ఏడాది ఒక వంటల పుస్తకం అచ్చువేయించింది. పెళ్ళి కేకు ఎలా చేయాలో, దానిమీద ముందు బాదం ముద్ద, ఆపైన తెల్లటి పంచదార పూత ఎలా వేయాలో అందులో రాసింది. కొలతలు చూడండి: పిండి 4 పౌన్లు, వెన్న 4 పౌన్లు, పంచదార 2 పౌన్లు, పౌను పిండికి 8 చొప్పున మొత్తం 32 గుడ్లు. చిన్న ఎండుద్రాక్ష 4 పౌన్లు, ఇంకా బాదం, జాజికాయ, జాపత్రి, పాకంలో ఊరిన నారింజ, నిమ్మ తొక్కలు, బ్రాందీ. నాలుగు పౌన్లంటే మన కిలో ఎనిమిది వందల గ్రాములు. కాలడానికి మూడు గంటలు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ రోజుల్లో మిక్సీ లేదు, బీటరు లేదు. దాదాపు రెండు కిలోల వెన్నని చేత్తో నురగ వచ్చేదాకా కలపాలి. పంచదార మనకు దొరికినట్టు పొడిగా దొరికేది కాదు. బెల్లం దిమ్మలాగా గట్టి దిమ్మలుగా వచ్చేది. కొట్టి, దంచి, పల్చటి గుడ్డలో జల్లించాలి. పైపూత కోసం గుడ్ల తెల్లసొనని పళ్ళెంలో కత్తితో అరగంట గిలకొట్టాలి. పంచదార కొంచెం కొంచెంగా కలిపాక మళ్ళీ అరగంట కొట్టాలి. ఇవన్నీ ఆవిడే రాసింది. పెద్ద ఇళ్ళలో ఈ పని చేసింది వంటింటి ఆడపిల్లలు. పెళ్ళి కేకు ఎంత ఖరీదో చెప్పుకునేటప్పుడు పంచదారా, ద్రాక్షా, బ్రాందీ గుర్తొచ్చేవి గానీ ఆ గిలకొట్టిన చేతులు ఎవరికీ గుర్తొచ్చేవి కాదు.

రాఫాల్డ్ కథ నాకు నచ్చింది ఇందుకే. ఆవిడ కూడా చెషైర్‌లో ఆర్లీ హాల్ అనే బంగళాలో ఇంటి పనంతా చూసే మనిషిగా జీతానికి ఉండేది. పెళ్ళయ్యాక మాంచెస్టర్ వెళ్ళి సొంతంగా మిఠాయి దుకాణం పెట్టింది. ఇళ్ళల్లో పనికి మనుషుల్ని కుదిర్చే ఆఫీసు నడిపింది. 1772లో ఆ ఊరికి మొదటి డైరెక్టరీ తెచ్చింది. తన వంటల పుస్తకం హక్కుల్ని 1773లో 1,400 పౌన్ల డబ్బుకి అమ్ముకుంది. బంగళాలో జీతం తప్ప విలువ లేని పనికే బజారులో ధర కట్టి తీసుకుంది. మొహమాటపడి ఉంటే ఈరోజు మనకి ఆవిడ పేరే తెలిసేది కాదు.

ఇక పంచదార. ఇంగ్లీషులో దాని పేరు మన 'శర్కర' నుంచి పుట్టిందే. కానీ రాఫాల్డ్ కాలపు కేకు మీద తెల్లటి పూత కరీబియన్ దీవుల్లో బానిసలు నరికిన చెరకు నుంచి వచ్చింది. వాళ్ళకి కూలే లేదు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. ఆ ఏడాదే మన దేశం నుంచి ఒప్పంద కూలీలను మారిషస్ చెరకు తోటలకి ఓడల్లో తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. తర్వాత నాటాల్‌కీ, ఫిజీకీ వెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మారిషస్‌లో వాళ్ళ సంతతి ఇప్పటికీ ఉగాది చేసుకుంటుంది. తెల్లటి కేకు చూసినప్పుడల్లా నాకిప్పుడు ఆ ఓడలు కూడా గుర్తొస్తాయి.

ఆ కాలంలోనే, 1840 ఫిబ్రవరిలో విక్టోరియా రాణి పెళ్ళయింది. ఆవిడ కేకు బరువు 300 పౌన్లు, అంటే మన లెక్కలో 136 కిలోలు. చుట్టుకొలత మూడు గజాలు. పెద్దదే కానీ, మనం అనుకునే అంతస్తులు ఇంకా రాలేదు. 1858లో ఆవిడ పెద్ద కూతురి పెళ్ళికి అంతస్తుల కేకు పెట్టారు. అయితే కింది అంతస్తు ఒక్కటే కేకు, పైవన్నీ ఉత్త పంచదార బొమ్మలే! అన్ని అంతస్తుల్లోనూ నిజమైన కేకు ఉన్నది 1882లో ఆవిడ కొడుకు లియోపోల్డ్ పెళ్ళికి. మధ్యలో 1874లో బ్రిటన్ పంచదార మీద సుంకం ఎత్తేసింది. దాంతో మామూలు ఇళ్ళకీ తెల్ల కేకు అందింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక ఇంకో వింత. 1940 ఆగస్టు నుంచి కేకుల మీద పంచదార పూత వేయకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. పెళ్ళిళ్ళు ఆగవు కదా! తెల్లటి అట్టతో అంతస్తుల కేకు తొడుగు చేసి అద్దెకిచ్చేవారు. తొడుగు ఎత్తితే లోపల చిన్న మామూలు కేకు ఉండేది. 1947లో ఎలిజబెత్ రాణి పెళ్ళినాటికీ పంచదార రేషనే. ఆవిడ తొమ్మిదడుగుల కేకుకి సామాను ఆస్ట్రేలియా నుంచి గర్ల్ గైడ్స్ పంపారు. పంచదార రేషన్ 1953లో గానీ పోలేదు.

ఇది చదివి నేను నవ్వుకున్నాను. ఎందుకంటే నా మొదటి కేకులో పెద్ద పొరపాటు అదే. అంతా తినేదే అయి ఉండాలనుకున్నాను. చూపుకి వేరే, పంచడానికి వేరే చేసుకోవచ్చని రాణులే చేసి చూపించినా నాకు తెలియలేదు.

ఇప్పుడు టీచరుగారి కేకు దగ్గరికి వద్దాం. 12, 9, 6 అంగుళాల మూడు అంతస్తులు. ఆరంగుళాల కేకు కొలత నాకు కంఠతా వచ్చు. పన్నెండంటే రెండింతలే కదా అని పిండి రెండింతలు కలిపాను. గిన్నెలో సగం ఎత్తుకే వచ్చింది! దోసె వెడల్పు రెండింతలు చేస్తే పిండి నాలుగు గరిటెలు పడుతుందని రోజూ చేసే చేతికి తెలుసు, లెక్కేసిన బుర్రకి తోచలేదు. రాత్రి తొమ్మిదింటికి మా ఆయన్ని మళ్ళీ గుడ్లకి పంపాను. మర్నాడు మూడంతస్తులూ ఇంట్లోనే పేర్చి కారులో పెట్టాను. చర్చి మలుపు దగ్గర స్పీడ్‌బ్రేకర్‌కి పైది పక్కకి ఒరిగింది. అదనంగా తెచ్చిన క్రీము, గులాబీలు ఆదుకున్నాయి. అందరూ బాగుందన్నారు. ముక్కలు మాత్రం వందకి వచ్చాయి, చుట్టాలు మూడొందల మంది. టీచరుగారు ఒక్క మాట అనలేదు, కానీ కేకు అందని పిల్లల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తు.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. సామాను 5,800. రాత్రి మళ్ళీ తెచ్చిందానికి 700. అట్టలు, డబ్బా, రిబ్బన్లు 900. కారు 400. మొత్తం 7,800. వచ్చింది 9,000. మిగిలింది 1,200. నేను పనిచేసింది 30 గంటలు. గంటకి 40 రూపాయలు! కరెంటు లెక్క వేయనే లేదు. జాకెట్టు కుట్టించుకుంటే కుట్టుకూలి ఇస్తాం. మల్లెపూలు మూర కొంటే కట్టినావిడ కూలి అందులో ఉంటుంది. నా కేకులో మాత్రం నా కూలి లేదు. ఎవరో తీసేయలేదు, నేనే రాయలేదు.

ఆర్నెల్లకి టీచరుగారి చిన్నమ్మాయి పెళ్ళి కుదిరింది. ఆవిడే మళ్ళీ వచ్చారు. ఈసారి నేను ముందు అడగాల్సినవి అడిగాను. ఎంతమంది వస్తారు? హాల్లో ఏసీ ఉందా? కేకు కోసేది ఎన్నింటికి? బల్ల ఎక్కడ వేస్తారు? ఎండాకాలంలో బటర్ క్రీము మన ఊళ్ళో గంట కూడా నిలవదు, అందుకని ఏసీ సంగతి ముందే తెలియాలి. చూపుకి మూడంతస్తులు, అందులో కింది పన్నెండంగుళాలది థర్మకోల్ మీద పూత. కోయడానికి పై రెండూ నిజమైనవి. పంచడానికి మామూలు పలక కేకులు వంటవాళ్ళ దగ్గర సిద్ధంగా కోసి ఉంటాయి. అంతస్తులు విడివిడిగా తీసుకెళ్ళి అక్కడే పేరుస్తాను. సగం డబ్బు ముందు, మిగతాది కేకు పెట్టేరోజు. ఇదీ పథకం.

ధర కాగితం మీద రాశాను. సామాను 6,000. పాడయ్యేదానికి పదో వంతు, 600. అట్టలు, డబ్బాలు 900. కారు 500. కరెంటు 300. ఇవి 8,300. కింద ఇంకో గడి గీశాను: 'నా చెయ్యి'. 24 గంటలు, గంటకి 150 చొప్పున 3,600. మొత్తం 11,900. గుండె దడదడలాడుతుండగా కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందిదాకా చదివారు. చివరి గడి దగ్గర ఆగారు.

"పోయినసారి ఇది లేదేం?" అన్నారు.

"రాయలేదండీ" అన్నాను.

"ముప్ఫయ్యేళ్ళు ట్యూషన్ చెప్పి ఫీజు తీసుకున్నదాన్ని. నువ్వు రాయకపోతే నాకెలా తెలుస్తుందమ్మాయ్?" అని పర్సులోంచి ఆరు వేలు తీసి లెక్కపెట్టి ఇచ్చారు.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి, "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు" అని తీసుకుని చూసింది. ఆవిడ ఏళ్ళ తరబడి ఊరందరికీ ఆవకాయ పెట్టిచ్చిన మనిషి. ఎవరూ కారం, నూనె డబ్బులు తప్ప ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి, "ఇలా రాసుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు" అంది.

మీలో ఎవరైనా మొదటిసారి పెళ్ళి కేకు ఒప్పుకుంటుంటే, మైదా కొలిచే ముందు ఆ ఒక్క గడి గీసుకోండి.