వినటం వేరు, బదులు పలకటం వేరు



మీలో చాలామంది కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డు ఎక్కి దిగినవారే. వంపులు తిరిగే దారిలో, అడవి మధ్య బస్సు ఆగిపోతుంది. చేతిలో ఫోను ఉంటుంది, అందులో సిగ్నల్ మాత్రం ఉండదు. మీరు క్షేమంగానే ఉన్నారు. కానీ ఆ ఒక్క మాట ఇంటికి చేరవేసే దారి కనపడదు. అక్కడ ఇంట్లోవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తూ ఉంటారు.

దూరపు చోట్లకు వార్త ఎలా చేరిందన్నది ఒక కథ. ఆ దూరపు చోటినుంచి బదులు ఎలా వచ్చిందన్నది మరో కథ. ఈ రెండో కథ గురించి ఈవేళ కాసేపు ముచ్చటించుకుందాం.

మన దేశంలో 1850-51లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య మొదటి తంతి వేశారు. ఓషానెస్సీ అనే వైద్యుడు దానికి కారకుడు. 1855లో తంతి సౌకర్యం ప్రజలకు అందింది. అయితే తీగ ఎంతదూరం పోతే వార్త అంతదూరమే. తంతి ఆఫీసు దాటాక కాలినడకో, సైకిలో శరణ్యం. బదులు పంపాలంటే మళ్ళీ ఆ ఆఫీసుకే నడవాలి. 2013 జులైలో ఆ తంతి సేవ కూడా ముగిసింది.

1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం దాటించి తీగ లేకుండానే సంకేతం అందుకున్నాడు. భూమి గుండ్రంగా ఉన్నదే, అంతదూరం ఎలా వెళ్ళిందని పండితులు ఆశ్చర్యపోయారు. ఆ రహస్యం మీకు అనుభవంలో ఉన్నదే. రాత్రిపూట రేడియో తిప్పితే పగలు పలకని స్టేషన్లు పలుకుతాయి కదా! మన తలలపైన సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా అయాను ఆవరణం ఉంటుంది. అది రేడియో తరంగాలను వంచి మళ్ళీ నేలకు పంపుతుంది. పగలు దాని కింది పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. రాత్రి ఆ పొర పలచబడుతుంది. రాష్ట్రం హద్దుకు అవతల ఉన్న తెలుగువారికి అలాంటి రాత్రుల్లోనే సొంత భాష గాలిలో తేలి వచ్చింది.

ఆ తరువాత ఆకాశమే స్తంభమైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా పల్లెలూ ఉన్నాయి. సేద్యం, ఆరోగ్యం గురించిన మాటలు ఆకాశం నుంచి దిగివచ్చాయి. కానీ పొలంలో తెగులు పట్టిన రైతు ఆ పెట్టెను తిరిగి ఒక ప్రశ్న అడగలేకపోయాడు. విన్నాడు, అంతే.

అంతకు నాలుగేళ్ళ ముందే, 1971లో, హవాయి దీవుల్లో మరో ప్రయత్నం జరిగింది. దీవికీ దీవికీ మధ్య సముద్రం. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దూరాన ఉన్నవారిని కంప్యూటరుతో రేడియో ద్వారా కలిపింది. దాని పేరు అలోహానెట్. ఇద్దరు ఒకేసారి పంపితే సందేశాలు ఢీకొంటాయి. అప్పుడేం చెయ్యాలి? పంచాయితీలో ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఏం చేస్తారు? ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంతసేపు వారు ఊరుకుని, మళ్ళీ మొదలుపెడతారు. వారూ ఆ పద్ధతే పెట్టారు. నేడు మన ఇళ్ళలోని వైఫైలో ఆ ఆలోచన తాలూకు వారసత్వం ఉంది. తీగ లేని చోటినుంచి బదులు చెప్పటం అక్కడ నేర్చుకున్నారు.

బదులు విలువ ఏమిటో 2004లో తెలిసివచ్చింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వాన ఒక బృందం ఆ డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది. వారు వెళ్ళింది సరదాకే. అరుదైన దీవుల నుంచి ప్రపంచంలోని హాం రేడియో మిత్రులను పలకరించటం వారి పని. డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సముద్రం అడుగున భూమి కంపించింది. తరువాత సునామీ. అనేక దీవులతో టెలిఫోను సంబంధాలు తెగిపోయాయి. హోటలు గది వదిలి బయటపడిన ఆ బృందం మళ్ళీ స్టేషను నిలబెట్టింది. ఆటగా తీసుకెళ్ళిన పరికరమే ఆధారమైంది. ఫలానా వారు బతికే ఉన్నారన్న కబురు దీవుల నుంచి బయలుదేరింది. ఇవతలి హాం మిత్రులు దాన్ని అందుకుని ఆయా ఇళ్ళకు చేరవేశారు. కావలసింది ఒక చిన్న సెట్టు, ఒక బ్యాటరీ, చెట్టుకు కట్టిన తీగ. అన్నిటికీ మించి, అవతల వినే మనిషి.

ఆ దీవులకు చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో అందింది. ఇక కొండల్లో, అడవుల్లో తిరిగేవారికి ఉపగ్రహమే దిక్కు. పాత పద్ధతి ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అడిగిన మాటకు బదులు రావటానికి అర సెకను పడుతుంది. కొత్తవి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. ఆలస్యం దాదాపు తెలియదు. అయితే ఒకటి వేల సంఖ్యలో ఉండాలి, రెండోది వాటికి ఆకాశం అడ్డులేకుండా కనపడాలి. దట్టమైన చెట్లకింద అవీ మూగవే.

ప్రయాణాలు చేసే మీకు రెండు మాటలు. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోను దగ్గర ఉంచుకోవటం మన దేశంలో నేరం. విదేశాల నుంచి వచ్చే మీ బంధువులకూ ఈ సంగతి చెప్పండి. హాం రేడియోకు కూడా ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. పన్నెండేళ్ళు నిండిన పిల్లలూ రాయవచ్చు. ఇవేవీ లేకపోతే, ఘాట్ ఎక్కేముందే ఇంటికి ఒక మాట చెప్పండి: ఏ దారిన వెళుతున్నారో, ఎన్ని గంటలకల్లా తిరిగి పలుకుతారో.

ఎందుకంటే, వార్త మీదాకా రావటం సగం పనే. మీరు బదులు పలికినప్పుడే అవతల గుమ్మంలో నిలబడినవారు లోపలికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటారు.